ఆమె మాటలో నేను మింగిన సగం

పదహారేళ్ల కిందట ఒక ముసలామె కెమెరా ముందు కూర్చుని ఒక ప్రశ్నకు జవాబు చెప్పింది. ఆమె తెలుగును హిందీలోకి మార్చి చెప్పడం నా పని. సగమే చెప్పాను. మిగతా సగం నాకు వినపడింది, అర్థమైంది కూడా. చెప్పకూడదనుకున్నాను, చెప్పలేదు. మరుసటేడు పదిమందిలో నిలబెట్టి అదే సంగతి అడిగితే "ఆమె అన్నది అంతే" అన్నాను.

మొన్న ఎండాకాలం ఆమె పోయింది. గీదంలో జీపుకు పంక్చరు వేయిస్తుంటే కోంట వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఒకడు చెప్పాడు. "సినిమాలో కడుపులు తీయిస్తానన్న ముసల్ది లేదా అన్నా, అది పోయిందంట." నలభై ఏళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లలో పురుళ్లు పోసిన మనిషికి చివరికి మిగిలిన గుర్తు అది. ఆ గుర్తు వేసింది నేను. అందుకే ఇది రాస్తున్నాను. ఆమె పేరు రాయను. నా భార్య సంగతి మాత్రం రాయక తప్పదు. ఆమెను అడిగాను. "నా పేరు వద్దు, సంగతి రాయి" అంది.

మా నాన్న విజయనగరం వైపు నుంచి ఇనుప గనిలో పనికొచ్చి టౌన్‌షిప్పులోనే ఉండిపోయాడు. నేను గనిలో చేరలేదు, జీపు కొనుక్కున్నాను. కొత్త కొండల మీద సర్వేలు జోరుగా సాగుతున్న రోజులవి. జీపుకు ఖాళీ ఉండేది కాదు. తెలుగు, హిందీ, ఇక్కడి సంతల్లో నడిచే హల్బీ ధారాళంగా మాట్లాడతాను. అడవి ఊళ్ల భాష దోర్లీ వింటే తెలుస్తుంది, మాట్లాడితే ఎదుటివాళ్లు నవ్వుతారు. నా భార్యది ఎర్రబోరుకు దగ్గరలో ఒక రైతు కుటుంబం. ఆ ముసలామెది పక్క ఊరే. అందరూ పెద్దమ్మ అనేవాళ్లు.

నేను ఆమెను మొదట చూసింది మా పెద్దమ్మాయి పుట్టిన రోజున. అత్తగారింటి వసారాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. లోపలి నుంచి చప్పుడు ఆగిపోయింది. తలుపు దగ్గరకు వెళ్లి "ఏమైంది?" అన్నాను.

"ఎవరడుగుతున్నరు?" అంది లోపలి గొంతు.

"నేనే. మొగుణ్ని."

"మొగుడివైతే రెండు బిందెల నీళ్లు తే. తండ్రివైనంక పిలుస్తా."

ఆడవాళ్లంతా నవ్వారు. నేను నీళ్లు తెచ్చాను. కాసేపటికి ఆమె బయటికి వచ్చింది. పొట్టి మనిషి, మోకాళ్ల పైదాకా ఎగచెక్కిన చీర. గుమ్మం పక్కనున్న నల్ల రబ్బరు బూట్లలో కాళ్లు దూర్చి వాగు వైపు నడిచిపోయింది. అవి గని కార్మికులు వేసుకునే బూట్లు. పురుడు పోసినందుకు ఎవరో మైనింగాయన ఇచ్చాడట. రెండింతలు పెద్దవి. లోపల గుడ్డలు కుక్కుకుని వానాకాలం, ఎండాకాలం వాటితోనే తిరిగేది. వాగులో నీళ్లు నిండితే కూర్చుని ఒక్కొక్కటే వంచి, చేపలేమైనా పడ్డాయేమో అన్నట్టు లోపలికి చూసి, మళ్లీ తొడుక్కునేది.

"ఎవరడుగుతున్నరు?" అన్నది ఆమె ఊతపదం అనుకునేవాణ్ని. మంచి చెడ్డలు అడిగినా, దారి అడిగినా ముందు ఆ మాటే. ఒకసారి సచివ్, అంటే పంచాయతీ కార్యదర్శి, ఏదో కాగితం పట్టుకొచ్చి "నీ వయసెంత పెద్దమ్మా?" అన్నాడు. "ఎవరడుగుతున్నరు? పింఛనోళ్లయితే డెబ్బై. పెండ్లి సంబంధమోళ్లయితే యాభై" అంది. అడిగేవాణ్ని చూడకుండా జవాబు చెప్పకూడదన్నది ఆమె పద్ధతి. అప్పట్లో ఆ వైపు ఊళ్లలో అది తెలివైన పద్ధతే. జీపులో దిగినవాడు ఎవడో, ఎవరి తరఫున అడుగుతున్నాడో తెలిసేది కాదు.

ఆమె మితానిన్ కూడా. ప్రభుత్వం ఊరికొకరిని పెట్టిన ఆరోగ్య కార్యకర్తను మా వైపు అలా పిలుస్తారు. స్నేహితురాలు అని ఆ మాటకు అర్థం. ఆమెకొక మందుల పెట్టె ఇచ్చారు. జ్వరం గోళీలు, ఉప్పు చక్కెర పొట్లాలు, దూది ఉండేవి. ఆ పెట్టె ఉంటే ఏ ఇంటి గడపైనా తొక్కవచ్చు. అత్తలు అడ్డు చెప్పరు, మగవాళ్లు ఎందుకొచ్చావనరు. ఏ ఆడపిల్లనైనా పక్కకు పిలిచి మాట్లాడవచ్చు.

ఇంకొకటి. ఆమె అప్పుడప్పుడు ఎవరో ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని భద్రాచలం బస్సెక్కేది. అమ్మాయి దవడకు గుడ్డ కట్టి ఉండేది. పన్ను నొప్పి. ఒకసారి బస్సు తప్పిపోతే నేనే ఇద్దర్నీ కోంట దాకా జీపులో తీసుకెళ్లాను. ఆ పిల్ల భేజ్జి నుంచి నడిచి వచ్చిందట. దారంతా పెద్దమ్మ పళ్ల గురించే మాట్లాడింది.

"పై దవడ. పుచ్చి లోపలికంట పోయింది బిడ్డా. నిద్ర లేదు దీనికి."

"లవంగం పెట్టకపోయావా?"

"పెట్టిన. లవంగాన్నే తినేసింది ఆ పురుగు."

వెనక సీట్లో పిల్ల గుడ్డ చాటున నవ్వు ఆపుకుంటోంది. పన్ను నొప్పిగలది నవ్వుతుందేమిటని నేను అప్పుడు అనుకోలేదు.

మా రెండో అమ్మాయి పుట్టినప్పుడు నా భార్యకు రక్తం చాలా పోయింది. బతకడమే కష్టమైంది. కనీసం మూడేళ్లు ఆగమని డాక్టరు చెప్పాడు. ఏడాది తిరక్కుండానే మళ్లీ నెల తప్పింది. భయంగా ఉందని ఆమె రెండుసార్లు అంది. "ఏం కాదులే, ఈసారి అబ్బాయే" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. ఒప్పుకుందనుకున్నాను. సర్వే వాళ్లను తీసుకుని పది రోజులు అడవి లోపలికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పుట్టింట్లో ఉంది. "నిలవలేదు" అంది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. నమ్మాను.

రెండు నెలల తరువాత కోంట బస్టాండులో టీ తాగుతుంటే తెలిసిన కండక్టరు పలకరించాడు. "మీ ఇంటామెకు పన్ను తగ్గిందా అన్నా? ఆ రోజు పెద్దమ్మతో వచ్చింది, దవడకు గుడ్డ కట్టుకుని. పాపం, దిగలేకపోయింది."

నా భార్య పళ్లు చెరుకు నమిలే పళ్లు. ఆ టీ సగం తాగి గ్లాసు పెట్టేశాను.

ఇంటికి వెళ్లి ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం. అనుమానం మాత్రం పెంచుకున్నాను. అత్తగారు కూతురితో గొంతు తగ్గించి మాట్లాడితే దాని గురించే అనిపించేది. ఎర్రబోరు సంతలో పెద్దమ్మ నా వంక చూసి నవ్వితే, తెలిసే నవ్విందనుకునేవాణ్ని. నవ్వకపోతే, దాస్తోందనుకునేవాణ్ని. ఆమె ఏదో వేరు నూరి తాగించిందని, నా కొడుకును ఆమె చేతులే తీశాయని నాలో నేనే తీర్మానించుకున్నాను. ఆ కడుపులో ఉన్నది కొడుకని కూడా నేనే తీర్మానించుకున్నాను.

ఆ ఏడాదే సినిమా వాళ్లు వచ్చారు. ముగ్గురు, నడిపేది ఒక ఢిల్లీ ఆమె. గర్భస్రావం మీద డాక్యుమెంటరీ. ఒప్పనేవాళ్ల మాట, తప్పనేవాళ్ల మాట రెండూ వినిపించాలని ఆమె ఉద్దేశం. నిజాయితీగలది. తన అభిప్రాయం మూడు వారాల్లో ఒక్కసారి కూడా నాతో అనలేదు. ఆమె దగ్గరొక నోటుబుక్కు ఉండేది. ప్రతి పేజీ మధ్యలో నిలువుగీత. ఎడమవైపు కావాలనేవాళ్లు, కుడివైపు వద్దనేవాళ్లు. టౌన్‌షిప్పులో ఒక నర్సు ఎడమవైపు వెళ్లింది. "ప్రాణం పోసే హక్కు లేనప్పుడు తీసే హక్కెక్కడిది?" అన్న బడి మాస్టారు కుడివైపు. తన ఇష్టంతోనే తీయించుకుని ఆరేళ్లుగా నిద్రపట్టని ఒక క్లర్కు భార్య తెర వెనుక నుంచి మాట్లాడింది. ఆమెను కుడివైపు రాస్తూ డైరెక్టరమ్మ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

పల్లె నుంచి ఎవరూ లేరని ఆమె దిగులు. జీపు తుడుస్తూ "నాకొకామె తెలుసు" అన్నాను.

ఎందుకన్నానో అప్పుడే నాకు తెలుసు. నా అంతట నేను ఆమె ఇంటికెళ్లి అడగలేను. కెమెరా వెనక నిలబడితే, ఇంకొకరి నోటి ప్రశ్నలా అడగవచ్చు.

ఎర్రబోరు చేరేలోపల చెక్‌పోస్టుల్లో రెండుసార్లు పెట్టెలన్నీ విప్పించారు. పెద్దమ్మ ఊళ్లోకి వెళ్లగానే పిల్లలు ఇళ్లలోకి పారిపోయారు. గొడ్డలి భుజాన వేసుకున్న ఒకాయన జీపుకు అడ్డంగా నిలబడ్డాడు. "రాళ్లు పాతనీకొచ్చిన్రా?" అన్నాడు. సర్వే రాయి పాతితే కొండ పోతుందని అందరికీ తెలుసు. కాదన్నాను. "మరి ఆపరేషన్ల క్యాంపా?" అదీ కాదన్నాను. "రెండూ కాకపోతే మీకీడ పనేంది?" అన్నాడు. నేను ఫలానా ఇంటి అల్లుణ్నని చెప్పాక పక్కకు జరిగాడు. నమ్మి కాదు, అల్లుణ్ని ఆపడం మర్యాద కాదని.

పెద్దమ్మ వసారాలో ఇద్దరు ఆడవాళ్లు చింతపండు ముందేసుకుని గింజలు తీస్తున్నారు. మమ్మల్ని చూడగానే ఆమె వాళ్లను చింతపండుతో సహా లోపలికి పంపేసింది. కెమెరా చుట్టూ ఒకసారి తిరిగింది.

"దీంట్ల ఏం పట్టుకపోతరు?"

"నీ మాట, నీ ముఖం" అన్నాను.

"నాది పట్టుకపోండ్రి. ఇంటికొచ్చిన ఆడోళ్ల ముఖాలు మాత్రం దీంట్ల పడొద్దు. మీ మేడానికి చెప్పు."

చెప్పాను. డైరెక్టరమ్మ చేతులు జోడించింది. అది చూసి పెద్దమ్మ మెత్తబడింది. బూట్లు తీసి పక్కన పెట్టి, ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది.

పురుళ్ల గురించి, పెట్టె గురించి అడిగినంతసేపు నేను ప్రతి మాటా హిందీలో చెప్పాను. డైరెక్టరమ్మ అడగాల్సినవి అయిపోవస్తున్నాయి. అప్పుడు నా ప్రశ్న దూర్చాను.

"మొగుడికి తెలియకుండా వచ్చేవాళ్లుంటారా?"

ఆమె నా వైపు తిరిగింది. "ఎవరడుగుతున్నరు? ఆమెనా, నువ్వా?"

"ఆమే" అన్నాను.

చాలాసేపు చూసింది. ఆ చూపులో ఆమెకు అంతా తెలిసిపోయిందని ఇప్పుడు నాకు నమ్మకం. అయినా జవాబు చెప్పింది. ఇదీ ఆ జవాబు. పదహారేళ్లుగా నాలో ఉంది కాబట్టి పొల్లు పోకుండా రాయగలను.

"వస్తరు. మొగుడికి తెల్వకుండ వస్తరు, అత్తకు తెల్వకుండ వస్తరు. మొగుడే ఈడ్చుకొస్తే వచ్చేటోళ్లు గూడ ఉన్నరు. తోడొచ్చినోళ్లను పొమ్మంట. పిల్ల ముందర చింతపండేస్త. గింజలు తీస్కుంట కూసుంటది. చేతులకు పనుంటే నోరు మెల్లగ వస్తది. పొద్దుగూకేలోపల తనకేం కావాల్నో తనే చెప్తది. నేను మాత్రం అడగ. ఉంచుకుంట అంటే తొమ్మిది నెలలు నేనే పోయి చూస్త. వద్దంటే బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీస్కపోత. నా చేత్తోని మందియ్య, వేరియ్య. అట్లిచ్చినోళ్ల చేతుల్ల ఇద్దరు పిల్లలు సచ్చుడు చూసిన. ఆసుపత్రికి పోయొచ్చిన నాడు నేను కూడు ముట్ట. తప్పు చేసిన అని కాదు. ఒకటి పోయింది గద, దానికోసం ఎవరో ఒకరు ఒక దినం ఉపాసం ఉండాలె. తల్లి ఉండొద్దు, దానికి రక్తం కావాలె. అందుకని నేనుంట."

డైరెక్టరమ్మ నా వైపు చూసింది. నేను హిందీలో అన్నది ఇది: "వస్తారు. భర్తకు తెలియకుండా వస్తారు. వద్దంటే తీయిస్తాను. అది నా పని."

"అంత పెద్ద జవాబుకు ఇంతేనా?"

"అదే మాట తిప్పి తిప్పి చెప్పింది మేడమ్. పల్లెటూరివాళ్లు అంతే."

ఆమె పెన్సిలు కాసేపు గీత మీదే ఆగింది. తరువాత ఎడమవైపు రాసుకుంది.

ఎందుకలా చేశానని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. ఆ ఉపవాసం మాట వినగానే కదిలిపోయానని, అందుకే చెప్పలేకపోయానని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది. నేను పోగొట్టుకున్నాననుకున్నదాని కోసం నేను ఒక పూట కూడా మానలేదు, ఆమె మానింది. అది నాకు సిగ్గయింది. సిగ్గు కోపమైంది. ఆమె చెడ్డదిగా కనబడాలని అనిపించింది. అసలు సంగతి అదే.

సినిమా బయటికి వచ్చింది. నా హిందీ ఎంత ఉందో అంతే ఉంచి మిగతాది కోసేశారు. ఆమె పెదవులు కదులుతుంటాయి, పైన నా గొంతు వినిపిస్తుంది. టౌన్‌షిప్పు క్లబ్బులో తెర కట్టి వేశారు. మంచి సినిమా అని అందరూ అన్నారు. ఆ తరువాత సీడీలు కోంట దాకా వెళ్లాయి. ఒక గుంపు వచ్చి ఆమెను పాపాత్మురాలంది. ఇంకో గుంపు వచ్చి శాలువా కప్పబోయింది. "ఇది ఎందుకు? నాకు చలి లేదు" అని శాలువా వెనక్కిచ్చిందట. రెండు గుంపులూ నేను చెప్పిన ముక్క పట్టుకునే వచ్చాయి.

చివరికి పై నుంచి కాగితం వచ్చింది. మితానిన్ అయ్యుండి వేర్లు, మందులు ఇచ్చి కడుపులు తీయిస్తోందని ఫిర్యాదు. జాంచ్, అంటే విచారణ, జరుగుతుంది. నేరం రుజువైతే పెట్టె స్వాధీనం చేయాలి, ఆ పని ఇక ఆమెకు లేదు.

జాంచ్ బడి వసారాలో పెట్టారు. ఒక అధికారి, సచివ్, ఊరి మగవాళ్లు బెంచీల మీద. ఆడవాళ్లు వెనక నిలబడి ఉన్నారు. వాళ్లలో నా భార్య కూడా ఉంది. తర్జుమా చేసినవాణ్ని కాబట్టి నా బయాన్, అంటే వాంగ్మూలం, కావాలని నన్ను పిలిపించారు. అధికారి సినిమాలోని మాటలు హిందీలో చదివాడు. సచివ్ వాటిని తెలుగులో ఆమెకు చెప్పాడు. తన మాట రెండు భాషలు తిరిగి తన దగ్గరకు రావడం ఆమె తల వంచి విన్నది.

"ఇది నా మాటే. సగం" అంది. "రెండో సగం ఆయన తాన ఉన్నది."

అందరూ నా వైపు తిరిగారు.

"ఇంకేమైనా చెప్పిందా?" అన్నాడు అధికారి.

"లేదు సార్. ఆమె అన్నది అంతే."

ఆ రోజు లోపల గింజలు తీస్తున్న ఇద్దరూ ఆమె జవాబు మొత్తం విన్నారు. కానీ విన్నామంటే, నువ్వక్కడ ఎందుకున్నావన్న ప్రశ్న వస్తుంది. వాళ్లు సాక్ష్యానికి ఎలా వస్తారు? అది నాకు తెలుసు. ఆ లెక్కతోనే ధైర్యంగా అబద్ధం చెప్పాను.

అధికారి ఆమెను అడిగాడు. "ఈయనకు నీ మీద పగ ఏమైనా ఉందా? లేకపోతే ఎందుకు దాస్తాడు?"

కారణం చెబితే పెద్దమ్మ గట్టెక్కుతుంది. ఈయన భార్య నా దగ్గరకొచ్చింది, అందుకని నా మీద కక్ష అంటే చాలు. పెట్టె ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె నన్ను చూసింది. నన్ను దాటి వెనక ఆడవాళ్లను చూసింది. నా భార్య తల వంచుకుంది.

"పగేం లేదు" అంది పెద్దమ్మ. "మర్చిపోయిండేమో. మగోళ్లకు గిట్లాంటియి యాదికుండయి."

ఆడవాళ్లలో ఎవరో నవ్వారు. అధికారి కూడా నవ్వి కాగితం మీద రాసుకున్నాడు. ఆమె వేలిముద్ర వేసింది. మందుల పెట్టెను తనే మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టేముందు లోపల చూసి, "జ్వరం గోళీలు అయిపోవచ్చినయి. వచ్చేదానికి ముందుగాల అవి తెప్పియ్యండ్రి" అంది.

తిరిగి వస్తుంటే జీపులో నా భార్య అడిగింది. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"కండక్టరు."

"ఏడాదిగా తెలిసి, నన్నెందుకు అడగలేదు?"

నేను గేరు మార్చాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె వసారాలో కూర్చున్నాను. ఇంటికి పోతానని రెండుసార్లు లేచాను. పిల్లలిద్దరికీ తల్లి ఉండాలనుకుని మళ్లీ కూర్చున్నాను. ఆమె ఒక్క మాట చెప్పలేదు, ఇటని గానీ అటని గానీ. తిరిగొచ్చాక నాకు అన్నం తినిపించి తను నీళ్లు తాగి పడుకుంది. ఇవాళ నా పేరు ఒక్కసారి అంటే ఆమె పని ఆమెకు ఉండేది. నువ్వు నోరు విప్పినా ఉండేది."

ఆ తరువాత చాలా కాలం మా ఇంట్లో ఉప్పూ పప్పూ మాటలే మిగిలాయి.

పెట్టె పోయాక పెద్దమ్మను గడపల్లోకి రానివ్వలేదు. కాన్పులకు కూడా పిలవడం తగ్గించారు. పిలిచినా వెనక ఒక అత్తో ఆడపడుచో కాపలా. ఆడపిల్లలు ఆమె ఇంటి వైపు నడిస్తేనే ఊరు చూసేది; ఏం పని అనేది. మరుసటి వానాకాలం లోపలి ఊరి పిల్ల ఒకతె సంతలో ఎవడి దగ్గరో వేరు కొని నూరి తాగింది. మంచం మీద వేసుకుని రోడ్డెక్కేలోపలే పోయింది. దానికి కారణం నేనని ఎవరూ అనలేదు. నా అబద్ధం తెలిసినవాళ్లు నలుగురే, పెద్దమ్మ, నా భార్య, ఆ రోజు లోపలున్న ఇద్దరు; ఎవరూ నోరు విప్పరు. పెద్దమ్మ దగ్గరకు వెళ్లడానికి భయపడే ఆ పిల్ల సంతకు వెళ్లిందా అంటే, నేను రుజువు చూపలేను. కాదనీ అనలేను.

నేను కదలడానికి పదమూడేళ్లు పట్టింది. మా పెద్దమ్మాయి నర్సింగులో చేరింది. ఒకసారి సెలవులకు వచ్చి భోజనం దగ్గర చెప్పింది. క్లాసులో ఆ సినిమా వేశారట. ముసలామె ముక్క రాగానే పిల్లలు నవ్వారట. "నన్ను పుట్టించింది ఈమేనని చెప్పలేకపోయాను నాన్నా" అంది. నా భార్య వడ్డిస్తున్న గరిటె ఆపి నన్ను చూసింది. కూతురికి ఆ పూట అంతా చెప్పాను. చెప్పడం ఇంటి నుంచి మొదలుపెట్టాను.

డైరెక్టరమ్మ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. "ఆ రోజు నేను నిన్ను అడిగాను కదా, ఇంతేనా అని" అంది. టేపులు ఇప్పుడు పనికిరావట. సినిమాలో మార్చడానికి ఏమీ లేదు.

అప్పుడు పెద్దమ్మ దగ్గరకు వెళ్లాను. మంచంలో ఉంది. చూపు మందగించింది. నా భార్య కాళ్ల దగ్గర కూర్చుని పేరు చెప్పింది. ఆమె నా భార్య తల నిమిరి పిల్లల యోగక్షేమాలడిగింది. నేను చెప్పాల్సింది చెప్పడం మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నాకు చెప్తే ఏమొస్తది? నేనేమన్ననో నాకెరికే. ఎరికలేనోళ్లకు చెప్పుపో."

"చెబుతాను."

"నీ పెండ్లాం పేరు తీసినవంటే మాత్రం మర్యాదుండదు."

"నేనే తియ్యమన్నా పెద్దమ్మా" అంది నా భార్య.

"నువ్వన్నా సరే. అది నీది. ఊరిది కాదు."

గ్రామసభ రోజున ఆమెను మంచంతో సహా బడి వసారాకు మోసుకొచ్చారు. పాత సచివ్ లేడు, కొత్తవాడు. వచ్చినవాళ్లలో సగం మంది ఆ జాంచ్ నాటికి అయిదారేళ్ల పిల్లలు. నేను నిలబడి ఆ రోజు ఆమె చెప్పిన జవాబు మొత్తం చెప్పాను. తెలుగులో చెప్పాను, హిందీలో చెప్పాను. దోర్లీలోనూ చెప్పాను, ఎవరూ నవ్వలేదు. గొడ్డలాయన, ముసలివాడైపోయాడు, ముందు వరసలోంచి అడిగాడు.

"మరప్పుడెందుకు చెప్పలే? ఎవరన్న బెదిరించిన్రా?"

"ఎవరూ బెదిరించలేదు."

"పైసలిచ్చిన్రా?"

"లేదు."

"మరేంది?"

నేను నా భార్య వైపు చూడలేదు. పెద్దమ్మ మంచం పట్టె పట్టుకుని కింద కూర్చున్నాను. ఆమెకు వినపడేలా, అందరికీ వినపడేలా చెప్పాను. "పెద్దమ్మా, నా ఇంట్లో అడగాల్సిన మాట నిన్ను అడిగాను. నువ్వు నిజం చెప్పావు. ఆ నిజం నాకు నచ్చలేదు. మర్చిపోలేదు, కావాలనే మింగాను. జాంచ్‌లో నిన్ను అబద్ధాలకోరును చేశాను. నీ పని పోయింది నా వల్ల. అది తిరిగి ఇవ్వడం నా చేతుల్లో లేదు. తప్పు నాది. నన్ను క్షమించు."